ఉద్యోగం చేస్తూ హై స్పీడ్ బోర్డు డిజైన్ నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

చర్లపల్లి_ఈసీఈ
ఆదివారం, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. చర్లపల్లిలో ఒక చిన్న కంపెనీలో హార్డ్‌వేర్ చూస్తాను. ఉద్యోగంలో చేరినప్పటి నుంచి మైక్రోకంట్రోలర్ బోర్డులే చేశాను. రెండు లేయర్లు, ఆర్‌ఎస్-485, కొన్ని రిలేలు, ఒక డిస్‌ప్లే, అంతే. ఇప్పుడు కంపెనీకి డేటా రికార్డర్ ఆర్డరు వచ్చింది. అందులో ఎఫ్‌పీజీఏ (లోపలి సర్క్యూట్‌ని మనమే ప్రోగ్రామ్ చేసుకునే చిప్పు), డీడీఆర్3 మెమరీ చిప్పు ఒకటి, గిగాబిట్ ఈథర్‌నెట్ ఉండాలి. స్కీమాటిక్, లేఅవుట్ రెండూ నా మీదే పడ్డాయి. సాయంత్రం ఇంటికొచ్చాక ఓ గంట, ఆదివారం ఇంకాస్త, నాకు దొరికే సమయం ఇంతే.

ఈలోగా పాత బోర్డొకటి ఇబ్బంది పెడుతోంది. అందులో ఎస్‌పీఐ ఫ్లాష్ (క్లాకు వెంట ఒక్కో బిట్‌గా డేటా పంపే మెమరీ చిప్పు) 20 మెగాహెర్ట్జ్ క్లాకుతో నడుస్తుంది. ఇన్నాళ్లూ ఏ సమస్యా లేదు. పాత మైక్రోకంట్రోలర్ మార్కెట్లో దొరక్క, పిన్నులు సరిపోయే వేరే కంపెనీ చిప్పు వేశాం. అప్పటి నుంచి కొన్ని బోర్డుల్లో ఫ్లాష్ ఐడీ చదివితే ఒక బిట్ పక్కకు జరిగి వస్తోంది. క్లాకు 1 మెగాహెర్ట్జ్‌కి తగ్గించినా అదే కథ. మా 100 మెగాహెర్ట్జ్ స్కోపులో (ఆసిలోస్కోపు) చూస్తే క్లాకు శుభ్రంగానే కనిపిస్తోంది.

అడగాలనుకున్నవి ఇవి. ఏ కోర్సు చేయాలి? సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ కొనమని మేనేజర్‌ని అడగాలా? ఉన్న స్కోపు సరిపోతుందా? బీటెక్‌లో ఈఎంటీఎల్ (విద్యుదయస్కాంత తరంగాలు, ట్రాన్స్‌మిషన్ లైన్ల సబ్జెక్టు) పరీక్ష కోసం చదివిందే, ఆ తర్వాత ముట్టుకోలేదు.


లేఅవుట్_లలిత
ఆదివారం, రాత్రి 10:35

బిట్ పక్కకు జరుగుతోందంటే ఫ్లాష్ ఒక క్లాకు ఎడ్జ్‌ని (సిగ్నల్ పైకి లేదా కిందికి మారడం) రెండుగా లెక్కపెడుతోందని నా అనుమానం. క్లాకు తగ్గించినా పోలేదని మీరు చెప్పాక అది ఇంకా బలపడింది. క్లాకు తగ్గిస్తే ఎడ్జ్‌లు దూరం దూరంగా వస్తాయి, అంతే. ఒక్కో ఎడ్జ్ 0 నుంచి 3.3 వోల్టులకు ఎక్కే వేగం ఏమీ మారదు. ఆ వేగం చిప్పు లోపలి ట్రాన్సిస్టర్లను బట్టి ఉంటుంది. కొత్త చిప్పు ఇంకా చిన్న ప్రాసెస్‌లో తయారై ఉంటుంది, దాని ఎడ్జ్ పదునుగా ఉంటుంది. బోర్డు మారకపోయినా అలా మీది హై స్పీడ్ బోర్డైపోయింది.

ఎఫ్ఆర్4 (మామూలు బోర్డు పదార్థం) మీద సిగ్నల్ నానోసెకనుకు సుమారు 15 నుంచి 17 సెం.మీ. ప్రయాణిస్తుంది. ట్రేసు (బోర్డు మీది రాగి గీత) చివరి దాకా వెళ్లడానికి పట్టే సమయం రైజ్ టైమ్‌లో (ఎడ్జ్ ఎక్కడానికి పట్టే సమయం) ఆరో వంతు దాటితే దాన్ని వైరుగా చూడటం మానేసి ట్రాన్స్‌మిషన్ లైన్‌గా, అంటే సిగ్నల్ అలలా ప్రయాణించే దారిగా, చూడటం మొదలుపెట్టాలి. ఎడ్జ్ 6 నానోసెకన్లుంటే 15 సెం.మీ. దాకా నిశ్చింతగా ఉండొచ్చు. అదే ఎడ్జ్ 1 నానోసెకనైతే 2.5 సెం.మీ. దగ్గరే జాగ్రత్త పడాలి. ఈ లెక్కలో క్లాకు ఎక్కడా రాలేదు, గమనించారా? నేర్చుకోవడం ఇక్కడే మొదలుపెట్టండి.

క్లాకు ట్రేసు ఎంత పొడవు, ఎంత వెడల్పు? కింద గ్రౌండ్ ఉందా? సిరీస్ రెసిస్టర్ పెట్టారా?


చర్లపల్లి_ఈసీఈ
ఆదివారం, రాత్రి 11:10

మేడమ్, పొడవు 14 సెం.మీ., వెడల్పు 0.25 మి.మీ. బోర్డు మందం 1.6 మి.మీ., రెండు లేయర్లు. కింది లేయర్లో గ్రౌండ్ కాపర్ పోశాం గానీ, మధ్యలో 3.3 వోల్ట్ ట్రేసు ఒకటి దాన్ని కోస్తూ వెళ్తుంది. సిరీస్ రెసిస్టర్ లేదు. ఇంకొకటి, కొత్త చిప్పులో ప్రతి పిన్నుకూ స్పీడ్ సెట్టింగ్ ఉంది. లైబ్రరీ దాన్ని గరిష్ఠానికి పెడుతోంది.


గుంటూరు_మాస్టారు
సోమవారం, ఉదయం 6:20

నేను కాలేజీలో ఈఎంటీఎల్ చెబుతాను. మీ బోర్డు మా క్లాసుకు చక్కటి లెక్క, ఒకసారి చేసి చూపిస్తాను. కాగితం, పెన్ను తీసుకుని వెంట రండి.

1.6 మి.మీ. ఎత్తున 0.25 మి.మీ. ట్రేసు ఇంపెడెన్స్ (ప్రయాణించే అలలో వోల్టేజికీ కరెంటుకీ నిష్పత్తి) సుమారు 140 ఓమ్‌లు వస్తుంది. 50 కాదు. రెండు లేయర్ల మామూలు బోర్డు మీద 50 ఓమ్‌లు కావాలంటే ట్రేసు వెడల్పు 3 మి.మీ. దాకా ఉండాలి. డ్రైవర్ లోపలి రెసిస్టెన్స్ 20 ఓమ్‌లు అనుకుందాం. ఎడ్జ్ బయల్దేరినప్పుడు ట్రేసులోకి వెళ్లేది 3.3 × 140 / 160, అంటే 2.89 వోల్టులు. అవతల ఫ్లాష్ పిన్ను దాదాపు ఓపెన్. అక్కడ అల పూర్తిగా వెనక్కి తిరుగుతుంది, కాబట్టి ఫ్లాష్ దగ్గర రెట్టింపు, 5.78 వోల్టులు. తిరిగొచ్చిన అల డ్రైవర్ దగ్గర (20 − 140) / (20 + 140), అంటే −0.75 గుణకంతో తలకిందులై మళ్లీ బయల్దేరుతుంది. అది ఫ్లాష్‌ని చేరేసరికి అక్కడి వోల్టేజి 1.44కి పడిపోతుంది. మరో రౌండు తర్వాత 4.69కి లేస్తుంది.

ఇప్పుడు సమయం చూడండి. ఒకవైపు ప్రయాణం 0.8 నానోసెకను. ఫ్లాష్ దగ్గర 0.8కి పైకి, 2.4కి కిందికి, 4.0కి మళ్లీ పైకి. థ్రెషోల్డ్ (0, 1ల మధ్య హద్దు) 1.65 దగ్గర ఉందనుకుంటే, ఒక్క ఎడ్జ్ పంపితే ఫ్లాష్‌కి రెండు కనిపించాయి. నిజం చిప్పుల్లో క్లాంప్ డయోడ్లు పైకి పోయేదాన్ని కోస్తాయి, పడిపోవడం కూడా అంత లోతుగా ఉండదు. అందుకే కొన్ని బోర్డులు పనిచేస్తాయి, కొన్ని చేయవు.

ఈ ఊగిసలాట ఒక్కో చుట్టుకు 3.2 నానోసెకన్లు, అంటే 310 మెగాహెర్ట్జ్ పైమాటే. మీ 100 మెగాహెర్ట్జ్ స్కోపు రైజ్ టైమ్ 0.35 / 100 మెగాహెర్ట్జ్, అంటే 3.5 నానోసెకన్లు. అందుకే దానికి అది శుభ్రంగా కనిపించింది.

డ్రైవర్ పక్కనే 120 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టండి. 20తో కలిపి 140. సగం వోల్టేజి బయల్దేరి, చివర రెట్టింపై సరిగ్గా 3.3 అవుతుంది. తిరిగొచ్చిన అల డ్రైవర్ దగ్గర పూర్తిగా ఇంకిపోతుంది. అలవాటుగా 33 ఓమ్‌లు పెడితే ఏమవుతుందో మీరే లెక్కకట్టి ఇక్కడ రాయండి. ఈ ఒక్క లెక్క చేతితో చేయగలిగితే మీకు ఈఎంటీఎల్‌లో కావలసిన భాగం వచ్చినట్టే. స్మిత్ చార్ట్ (ఫ్రీక్వెన్సీ వైపు లెక్కలకి వాడే పటం) ప్రస్తుతానికి పక్కన పెట్టండి, డిజిటల్ పనికి టైమ్ డొమైన్, అంటే సమయంతో వోల్టేజి ఎలా మారుతుందన్నది, ముందు.


బెంగళూరు_ఎస్ఐ
సోమవారం, ఉదయం 9:05

మాస్టారి లెక్క బాగుంది. కానీ ఉద్యోగంలో ప్రతి నెట్‌నీ (బోర్డులోని ఒక్కో కనెక్షన్) కాగితం మీద చేస్తూ కూర్చుంటే ప్రాజెక్టు పూర్తవదు. నా అనుభవంలో సిమ్యులేషన్ మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి. చిప్పు కంపెనీ వెబ్‌సైట్ నుంచి ఐబిస్ మోడల్ దింపుకోండి. 1993 నుంచి ఉన్న పద్ధతి అది, లోపలి సర్క్యూట్ బయటపెట్టకుండా పిన్ను ప్రవర్తనను పట్టికల రూపంలో ఇస్తారు. డ్రైవర్ 20 ఓమ్‌లని ఊహించాల్సిన అవసరం లేదు, ఫైల్లోనే ఉంటుంది. పెద్ద టూల్స్ ధర చిన్న కంపెనీ భరించలేదు. ఉచిత బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కీక్యాడ్ 7వ వెర్షన్ నుంచి దాని సిమ్యులేటర్లో ఐబిస్ వాడొచ్చు, డబ్బులేమీ కట్టక్కర్లేదు.

ఇంకో మాట. ల్యాబులో ఉన్న ఒక్క బోర్డు పనిచేసిందంటే అన్నీ పనిచేస్తాయని కాదు. ఐబిస్‌లో టిపికల్‌తో పాటు మినిమమ్, మాక్సిమమ్ కూడా ఉంటాయి. వేగంగా ఉన్న చిప్పు, ఎక్కువ వోల్టేజి, చలి, ఇవన్నీ కలిసిన రోజు మీ బోర్డు ఏం చేస్తుందో స్కోపు చెప్పలేదు. సిమ్యులేషన్ చెబుతుంది.


లేఅవుట్_లలిత
సోమవారం, మధ్యాహ్నం 1:15

> సిమ్యులేషన్ మొదటి రోజు నుంచే నేర్చుకోవాలి

ఇక్కడ నేను ఒప్పుకోను. కార్నర్స్ (మినిమమ్, మాక్సిమమ్ పరిస్థితులు) గురించి మీరన్నది అక్షరాలా నిజం. కానీ కొత్తవాళ్ల చేతికి ముందే టూల్ ఇస్తే అది గీసిందల్లా నమ్ముతారు. నెట్ ఒక్కదాన్ని తీసి సిమ్యులేట్ చేస్తే టూల్ దాని కింద ప్లేన్ (గ్రౌండ్‌కి గానీ పవర్‌కి గానీ వేసే వెడల్పాటి కాపర్ పొర) అంతా ఉందనుకుంటుంది. ఉందో లేదో చూడాల్సింది మనిషే.

సమీక్షకు నా దగ్గరికి వచ్చిన ఒక డీడీఆర్3 బోర్డు గురించి చెప్తాను. లెంత్ మ్యాచింగ్ (ట్రేసుల పొడవులు సమానం చేయడం) ఎంత జాగ్రత్తగా చేశారంటే, 0.1 మి.మీ. తేడా కూడా రాకుండా ప్రతి ట్రేసునూ పాములా మెలికలు తిప్పారు. సిమ్యులేషన్ రిపోర్టులన్నీ పాస్. బోర్డు మాత్రం వేడెక్కితే మెమరీ టెస్టులో తప్పులు. విప్పి చూస్తే అడ్రస్ లైన్లన్నీ 1.5 వోల్ట్ ప్లేన్, 3.3 వోల్ట్ ప్లేన్ల మధ్య చీలిక మీదుగా వెళ్తున్నాయి. రిటర్న్ కరెంట్‌కి (ప్లేన్ గుండా తిరిగొచ్చే కరెంటు) దారి లేక అన్ని లైన్ల కరెంట్లూ ఒకే చుట్టుదారిలో కలిసిపోయాయి. ఒక లైను మారితే పక్క లైన్లన్నీ కదులుతున్నాయి. ప్లేన్ ఒకటి మార్చి మళ్లీ చేయించాక సమస్య పోయింది.

ఆ 0.1 మి.మీ. విలువ ఎంతో లెక్కేద్దాం. లోపలి లేయర్లో 1 మి.మీ.కి సుమారు 7 పికోసెకన్లు, అంటే 0.1 మి.మీ.కి 0.7. డీడీఆర్3-1600లో ఒక బిట్ సమయం 625 పికోసెకన్లు. ఒక బైట్ లేన్‌లో (ఎనిమిది డేటా లైన్ల గుంపు) డీక్యూ (డేటా), డీక్యూఎస్‌ల (ఆ డేటాని ఎప్పుడు చదవాలో చెప్పే సిగ్నల్) మధ్య 10 పికోసెకన్లు వదిలినా 1.5 మి.మీ. దాకా స్వేచ్ఛ ఉంది. పైగా ఎఫ్‌పీజీఏ ప్యాకేజీ లోపలే పిన్నుకూ పిన్నుకూ ఆలస్యం తేడా ఉంటుంది, కంపెనీ ఆ పట్టిక ఇస్తుంది. దాన్ని కలపకుండా బోర్డు మీద చుక్క తేడా లేకుండా చేస్తే లాభమేముంది? ఆ మెలికలు దగ్గర దగ్గరగా ఉంటే తమలో తామే కప్లింగ్ తెచ్చుకుంటాయి, అనుకున్న ఆలస్యం కూడా రాదు.

చర్లపల్లి గారూ, మీరు నేర్చుకోవాల్సిన మొదటి విషయం రిటర్న్ కరెంట్ ఎటు పోతుందన్నది. మిగతావన్నీ దాని వెనక వస్తాయి.


చర్లపల్లి_ఈసీఈ
సోమవారం, రాత్రి 9:40

మాస్టారూ, 33 ఓమ్‌ల లెక్క చేశాను. డ్రైవర్‌తో కలిపి 53. ట్రేసులోకి 2.39, చివర 4.79, గుణకం −0.45, తర్వాత పడేది 2.63కి. 1.65 కన్నా పైనే ఉంది కాబట్టి పనిచేస్తుంది, కానీ ఇంకా ఊగుతుంది. సరేనా?

లలిత మేడమ్, ఒక సందేహం. గ్రౌండ్ అంటే అంతా ఒకటే కదా. కరెంటు తక్కువ రెసిస్టెన్స్ ఉన్న దారిలో పోతుందని చదువుకున్నాం. మరి ట్రేసు కిందనే పోవాలని దానికి ఏం పట్టింపు?


గుంటూరు_మాస్టారు
మంగళవారం, ఉదయం 6:05

లెక్క సరే. మీకు వచ్చేసింది.

రెండో ప్రశ్న చాలా మంచిది, దీనికి మా ల్యాబులో ఒక ప్రయోగం చేయిస్తాం. మీటరు పొడవున్న ఆర్‌జీ-58 కోయాక్స్ కేబుల్‌ని యు ఆకారంలో వంచండి. రెండు చివర్లూ దగ్గరకొస్తాయి కదా, ఆ రెండు చోట్ల పై షీల్డుని ఒక పొట్టి దళసరి రాగి తీగతో కలపండి. లోపలి తీగలోకి సిగ్నల్ జనరేటర్ నుంచి కరెంటు పంపి, అవతలి చివర ఒక రెసిస్టర్‌తో షీల్డుకి కలపండి. ఇప్పుడు తిరిగొచ్చే కరెంటుకి రెండు దారులున్నాయి. ఒకటి పొట్టి రాగి తీగ, రెండోది కేబుల్ వెంబడి షీల్డు. పొట్టి తీగకి కరెంట్ ప్రోబ్ తగిలించి ఫ్రీక్వెన్సీ పెంచుకుంటూ పోండి.

వంద హెర్ట్జ్ దగ్గర కరెంటంతా పొట్టి తీగలోనే. కొన్ని కిలోహెర్ట్జ్ దాటాక అది తగ్గిపోతుంది. కరెంటు దగ్గరి దారి వదిలేసి, షీల్డులో యు అంతా చుట్టి వస్తుంది. ఎందుకంటే వెళ్లే కరెంటుకీ వచ్చే కరెంటుకీ మధ్య లూపు ఎంత పెద్దదైతే ఇండక్టెన్స్ అంత ఎక్కువ. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ రెసిస్టెన్స్ కన్నా ఇండక్టెన్స్ మాటే చెల్లుతుంది. బోర్డు మీదా ఇదే. ట్రేసుకి సరిగ్గా కింద ఉంటే లూపు అతి చిన్నది. అక్కడ ప్లేన్ కోసి ఉంటే కరెంటు చుట్టూ తిరిగి రాక తప్పదు, లూపు పెద్దదవుతుంది, ఇంపెడెన్స్ మారుతుంది, పక్క సిగ్నళ్లు కూడా అదే దారిలో వస్తే కలుషితమవుతాయి. మీ పాత బోర్డులో 3.3 వోల్ట్ ట్రేసు గ్రౌండుని కోసిన చోట జరుగుతున్నది ఇదే.


విశాఖ_ల్యాబ్
మంగళవారం, రాత్రి 8:30

మాస్టారికి నమస్కారాలు. నేను ఇంట్లోనే చిన్న ల్యాబు పెట్టుకున్నాను. చర్లపల్లి అన్నా, కంపెనీ బోర్డు కన్నా ముందు ఒక టెస్ట్ బోర్డు చేయించుకో. కొలిచి చూడని రూలు తల్లో నిలవదు.

10 × 10 సెం.మీ. నాలుగు లేయర్ల బోర్డు చాలు, ఇప్పుడు తక్కువ ధరకే వస్తున్నాయి. దాని మీద ఒకే రకం గేటుని మూడు ఫ్యామిలీల్లో పెట్టు: 74హెచ్‌సీ, 74ఏసీ, 74ఎల్‌వీసీ. హెచ్‌సీ ఎడ్జ్ 5, 6 నానోసెకన్ల దగ్గర ఉంటుంది, మిగతా రెండూ 1, 2 నానోసెకన్లు. ఒక్కోదానికి 15 సెం.మీ. ట్రేసు, డ్రైవర్ పక్కన రెసిస్టర్‌కి 0603 సైజు ప్యాడ్లు. ముందు జీరో ఓమ్, తర్వాత 33, ఆ తర్వాత ఇంకా ఎక్కువ, ఇలా మారుస్తూ చూడు. రెండు ట్రేసుల్ని పక్కపక్కన 10 సెం.మీ. నడిపి, ఒకదాన్ని కదిలిస్తూ రెండోదాని మీద క్రాస్‌టాక్ (పక్క ట్రేసు నుంచి అంటుకునే సిగ్నల్) కొలువు. అదే జత ఇంకోచోట మూడింతలు ఎడంగా పెట్టు. ఒక ట్రేసు కింద ప్లేన్‌లో కావాలనే చీలిక పెట్టు, పక్కనే చీలిక లేని జంటని ఉంచు. రెండు చివర్లా ఎస్ఎంఏ కనెక్టర్లు పెడితే తర్వాత నానోవీఎన్ఏతో (చౌకైన నెట్‌వర్క్ ఎనలైజర్) కూడా కొలుచుకోవచ్చు. దానిలో టైమ్ డొమైన్ ట్రాన్స్‌ఫామ్ ఉంది, ఇంపెడెన్స్ ఎక్కడ మారిందో ట్రేసు పొడవునా కనిపిస్తుంది. చౌక మోడళ్లలో మరీ చిన్న మార్పులు తెలియవు, కానీ చీలికా కనెక్టరూ తెలుస్తాయి.

స్కోపు విషయం. ప్రోబుతో వచ్చే మొసలి క్లిప్పు గ్రౌండ్ తీగ తీసెయ్. ఆ తీగ 100 నానోహెన్రీలు ఉంటుంది, ప్రోబు కొన దగ్గర 10 పికోఫారడ్లు. రెండూ కలిసి 160 మెగాహెర్ట్జ్ దగ్గర మోగుతాయి. స్కోపులో కనిపించే రింగింగ్ బోర్డుదో తీగదో తెలియకుండా పోతుంది. ప్రోబు పెట్టెలో వచ్చే చిన్న స్ప్రింగు వాడు. ఇంకా మంచిది కావాలంటే 50 ఓమ్‌ల కోయాక్స్ ముక్క తీసుకుని, కొనకి 1 కిలోఓమ్ రెసిస్టర్ సోల్డర్ చేసి, రెండో చివర స్కోపు 50 ఓమ్ ఇన్‌పుట్‌కి ఇవ్వు. 1050కి 50, అంటే 21:1 ప్రోబు. దాదాపు ఖర్చు లేదు, గిగాహెర్ట్జ్ దాకా చూపిస్తుంది. 50 ఓమ్ ఇన్‌పుట్ లేని స్కోపైతే ఫీడ్‌త్రూ టర్మినేటర్ (ఇన్‌పుట్ దగ్గర తగిలించే 50 ఓమ్‌ల రెసిస్టర్) కొనాలి.

స్కోపు బ్యాండ్‌విడ్త్ కనీసం 350 మెగాహెర్ట్జ్ ఉండాలి. అప్పుడు కూడా 1 నానోసెకను ఎడ్జ్ 1.4గా కనిపిస్తుంది, రెండింటి వర్గాల మొత్తానికి వర్గమూలం కదా. కంపెనీలో కొనలేకపోతే తెలిసిన కాలేజీ ల్యాబులో అడుగు, ఒక పూట ఇస్తారు.


బెంగళూరు_ఎస్ఐ
మంగళవారం, రాత్రి 10:15

ఈ టెస్ట్ బోర్డు ఆలోచన నాకు నచ్చింది. దానికి ఒకటి కలుపుతాను. ప్రతి ట్రేసునీ కొలిచే ముందు సిమ్యులేట్ చేసి, వచ్చే ఆకారం కాగితం మీద గీసి పెట్టుకోండి. కొలిచాక రెండూ కలవని చోటే నేర్చుకునేదంతా ఉంటుంది. లలిత గారూ, టూల్ ప్లేన్ ఉందనుకుంటుందన్న మాట నిజమే, నెట్ ఒక్కదాన్ని తీసి చేసే సిమ్యులేషన్లో చీలిక కనపడదు. నేను మా టీములో కొత్తవాళ్లతో ముందు ప్రతి లేయరూ ప్రింటు తీయించి, రిటర్న్ దారిని రంగు పెన్సిలుతో గీయిస్తాను. టూల్ ఆ తర్వాతే.


పవర్_రైల్
బుధవారం, మధ్యాహ్నం 2:00

అందరూ సిగ్నల్ గురించే మాట్లాడుతున్నారు. కొత్త బోర్డులో ఎఫ్‌పీజీఏ కోర్ సప్లై సంగతేమిటి?

100 నానోఫారడ్ కెపాసిటర్ పెట్టేస్తే పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. 0402 సైజు కెపాసిటర్‌కి ప్యాడ్లు, వయాలు (లేయర్లని కలిపే రంధ్రాలు) కలుపుకుని 1 నానోహెన్రీ వేసుకోండి. రెసొనెన్స్ 16 మెగాహెర్ట్జ్ దగ్గర వస్తుంది. దాని పైన అది కెపాసిటర్‌గా పనిచేయదు, ఇండక్టరే. కాబట్టి విలువ కన్నా వయా ఎక్కడ పెట్టారన్నది ముఖ్యం. ప్యాడ్ నుంచి ట్రేసు లాగి దూరంగా వయా వేస్తే ఆ 1 నానోహెన్రీ రెండు, మూడు అవుతుంది. వయాని ప్యాడ్‌కి ఆనించి పెట్టండి.

ఎంత కావాలో లెక్క ఇలా. 1 వోల్ట్ కోర్, 5 శాతం అలవెన్స్, ఒక్కసారిగా మారే కరెంటు 5 ఆంపియర్లు అనుకుందాం. 0.05 / 5, అంటే 10 మిల్లీఓమ్‌లు. రెగ్యులేటర్ వదిలేసిన ఫ్రీక్వెన్సీ నుంచి ప్యాకేజీ లోపలి కెపాసిటర్లు అందుకునే దాకా ప్లేన్ ఇంపెడెన్స్ దీని కింద ఉండాలి. 0.1, 0.01, 0.001 మైక్రో అంటూ మూడు విలువలు కలిపే పాత అలవాటుతో జాగ్రత్త, వాటి మధ్య పారలల్ రెసొనెన్స్ వచ్చి ఇంపెడెన్స్ శిఖరంలా లేస్తుంది. ఒకే విలువవి ఎక్కువ వేసి, పెద్ద విలువవి కొన్ని కలిపితే చాలాసార్లు మేలు. ఎక్స్5ఆర్ రకం సెరామిక్ కెపాసిటర్ల పెద్ద విలువలు డీసీ వోల్టేజి పెట్టగానే తగ్గిపోతాయి, డేటాషీట్‌లో ఆ గ్రాఫు చూసి లెక్కేయండి.


శాన్‌హోజె_తెలుగు
బుధవారం, రాత్రి 11:30

నేను సర్వర్ బోర్డుల మీద పనిచేస్తాను. ఒక్క మాట. పీసీఐ ఎక్స్‌ప్రెస్ (కంప్యూటర్లో కార్డుల్ని కలిపే లింకు) 2003లో లేనుకు సెకనుకు 2.5 గిగాట్రాన్స్‌ఫర్లతో మొదలై 2022 స్పెసిఫికేషన్‌కి 64కి చేరింది. ఆ లోకంలో లాస్ (దారిలో సిగ్నల్ తగ్గడం), ఎఫ్ఆర్4 గ్లాసు నేత, కాపర్ గరుకుదనం, వయాలో సిగ్నల్ వాడని మిగులు తోక, అన్నీ లెక్కలోకి వస్తాయి. 5 మి.మీ. తోక మిగిలితే 7.5 గిగాహెర్ట్జ్ చుట్టుపక్కల సిగ్నల్‌ని మింగేస్తుంది, అందుకే వెనక నుంచి డ్రిల్ చేసి తీసేస్తారు. ఇవన్నీ ఆసక్తిగా ఉంటాయి, కానీ మీ డీడీఆర్3 బోర్డుకి వీటితో పని లేదు. వీడియోల్లో ఇవి చూసి టెన్షన్ పడకండి. రిఫ్లెక్షన్, రిటర్న్, క్రాస్‌టాక్, పవర్, ఈ నాలుగూ గట్టిగా వస్తే ఆ తర్వాతివి వాటి కొనసాగింపే.


చెన్నై_ఈఎంఐ
గురువారం, ఉదయం 10:10

రిటర్న్ దారి ఎందుకు ముఖ్యమో ఈఎంఐ (బోర్డు బయటికి చిమ్మే రేడియో అలజడి) వైపు నుంచి ఒక అంకె ఇస్తాను. బోర్డు నుంచి బయటికెళ్లే 1 మీటరు కేబుల్లో 50 మెగాహెర్ట్జ్ దగ్గర 5 మైక్రోఆంపియర్ల కామన్ మోడ్ కరెంటు (కేబుల్ తీగలన్నిటిలో ఒకే దిశగా పోయేది) ఉంటే చాలు, 3 మీటర్ల దూరాన మీటరుకు 100 మైక్రోవోల్టులు వస్తుంది. క్లాస్ బీ (ఇళ్లలో వాడే పరికరాల) హద్దు అక్కడ మీటరుకు 40 డీబీ మైక్రోవోల్టులు, అంటే సరిగ్గా అంతే. మైక్రోఆంపియర్లు! ఈథర్‌నెట్ కనెక్టర్ దగ్గర గ్రౌండ్ చీలిస్తే ఈ కరెంటు చాలా తేలిగ్గా పుడుతుంది. టెస్టు చాంబర్‌కి వెళ్లేముందే చిన్న కరెంట్ ప్రోబుతో కేబుల్ మీద కొలుచుకోండి. చెన్నైలో మా దగ్గరున్న సమీర్ లాంటి ప్రభుత్వ సంస్థలో టెస్టుకి తేదీ తీసుకున్నాక బోర్డు మార్చడం ఖరీదైన పని.


చర్లపల్లి_ఈసీఈ
శనివారం, సాయంత్రం 6:45

పాత బోర్డు పని అయింది. పిన్ స్పీడ్ తగ్గించగానే చాలా బోర్డులు బాగయ్యాయి. మిగిలినవాటిలో ట్రేసుని మైక్రోకంట్రోలర్ పక్కన కోసి 100 ఓమ్ పెట్టాను, స్టోర్‌లో 120 లేదు. ఇప్పుడు 20 మెగాహెర్ట్జ్‌లో అన్నీ ఐడీ సరిగ్గా చదువుతున్నాయి. తర్వాతి రివిజన్లో రెసిస్టర్‌కి చోటు పెట్టి, 3.3 వోల్ట్ ట్రేసుని పై లేయర్‌కి మార్చేస్తున్నాను.

కొత్త బోర్డుకి ఆరు లేయర్లు అనుకుంటున్నాను: సిగ్నల్, గ్రౌండ్, సిగ్నల్, పవర్, గ్రౌండ్, సిగ్నల్. చూసి నేర్చుకోవడానికి ఏదైనా మంచి లేఅవుట్ ఉందా?


లేఅవుట్_లలిత
శనివారం, రాత్రి 8:20

బీగల్‌బోన్ బ్లాక్ (చిన్న కంప్యూటర్ బోర్డు) ఫైళ్లు దింపుకోండి. ఆరు లేయర్లు, ఒకే డీడీఆర్3ఎల్ చిప్పు, 512 మెగాబైట్లు. మీ బోర్డుకి బాగా దగ్గర. స్కీమాటిక్, లేఅవుట్ రెండూ బహిరంగంగా ఉన్నాయి. ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య ఒక్కో బైట్ లేన్‌ని ఏ లేయర్లో నడిపారో, ఏ ప్లేన్ మీదుగా నడిపారో ఒక సాయంత్రం కూర్చుని గుర్తుపెట్టుకోండి. తర్వాత మీ ఎఫ్‌పీజీఏ కంపెనీ మెమరీ లేఅవుట్ గైడ్ చదవండి. ఒకే చిప్పుకి వీటీటీ టర్మినేషన్ (అడ్రస్ లైన్ల చివర సగం వోల్టేజికి కలిపే రెసిస్టర్లు) కావాలా వద్దా అన్నది ఆ గైడ్ చెప్పినట్టే చేయండి, ఎవరి బోర్డులోనో లేదని తీసేయకండి. కోర్సు అడిగారు కదా, ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) ట్రాన్స్‌మిషన్ లైన్ల పాఠాలు ఉచితం. మాస్టారి లెక్క చేశాక వాటిని వింటే త్వరగా ఎక్కుతాయి.

మీరు రాసిన స్టాకప్ (లేయర్ల వరుస) సరే. డీడీఆర్ డేటాని మొదటి లేయర్లోనే ఉంచండి, కింద గ్రౌండ్ ఎక్కడా తెగకూడదు. మూడో లేయర్ సిగ్నల్ పవర్ ప్లేన్‌కి ఎదురుగా ఉంటుంది కాబట్టి, గ్రౌండ్‌కి దగ్గరగా, పవర్‌కి దూరంగా వచ్చేలా మందాలు అడగండి. మొదటి లేయర్ నుంచి ఆరుకి దిగే ప్రతి వేగమైన వయా పక్కన ఒక గ్రౌండ్ వయా ఉండాలి. సిగ్నల్ కిందికి దిగితే రిటర్న్ కూడా రెండో లేయర్ నుంచి ఐదుకి దిగాలి కదా.

రూటింగ్ మొదలుపెట్టే ముందే ఫ్యాబ్‌కి (బోర్డు తయారుచేసే కంపెనీ) మెయిల్ రాసి, వాళ్ల దగ్గర నిజంగా ఉన్న కోర్, ప్రిప్రెగ్ (లేయర్ల మధ్య ఇన్సులేషన్ పొరలు) మందాలతో 50, 100 ఓమ్‌లకి వెడల్పులు తెప్పించుకోండి. మనం లెక్కేసిన మందం వాళ్ల స్టాకులో ఉండకపోవచ్చు. ఇంపెడెన్స్ కూపన్ కూడా అడగండి, ప్యానెల్ అంచున వేసి కొలిచి రిపోర్టు ఇస్తారు.


విశాఖ_ల్యాబ్
శనివారం, రాత్రి 9:00

అన్నా, ఇంకొకటి. మొదటి ప్రోటోటైప్‌లో ఒక డీక్యూఎస్, ఒక డీక్యూ, మెమరీ క్లాకు, ఈ మూడింటికీ మెమరీ చిప్పు వెనక వయా మీద సోల్డర్ మాస్క్ తీసి ఉంచు. పక్కనే 1 నుంచి 2 మి.మీ. దూరంలో గ్రౌండ్ వయా కూడా మాస్క్ లేకుండా ఉండాలి, ప్రోబు స్ప్రింగు అక్కడ ఆనుతుంది. టెస్ట్ పాయింట్ కోసం ట్రేసు పక్కకి లాగకు, అది తోకై రిఫ్లెక్షన్ తెస్తుంది. స్టాకప్ వచ్చాక ఇక్కడ పెట్టు, అందరం చూద్దాం.